4294967297 ప్రైమా కాదా? నా ప్రోగ్రామ్ ఒక్కోసారి ఒక్కోటి చెప్తోంది

రాత్రికోడర్
హాయ్ అందరికీ. ఊరికే సరదాకి ఒక చిన్న ప్రోగ్రామ్ రాశా, 2తో మొదలెట్టి వర్గం చేసుకుంటూ పోవడం, ప్రతిసారీ వచ్చినదానికి 1 కలిపి ప్రింట్ చేయడం, అంతే. 3, 5, 17, 257, 65537 వచ్చాయి. అన్నీ ప్రైమ్‌లే, చెక్ చేశా. తర్వాతది 4294967297 రావాలి కదా, కాలిక్యులేటర్‌లో అదే వస్తోంది, నాది మాత్రం 1 అని ప్రింట్ చేసి కూర్చుంది. గంట నుంచి చూస్తున్నా తప్పెక్కడో దొరకట్లేదు. అసలు ఈ నంబర్ ప్రైమేనా కాదా, అదైనా చెప్పండి ఎవరైనా.

బిట్టుబాబు
కోడ్ పెట్టకపోయినా చెప్తా బ్రో, 32 బిట్ల వేరియబుల్ వాడావు. మైనస్ గుర్తు లేని 32 బిట్లలో పట్టే పెద్ద నంబర్ 4294967295. దానికి 1 కలిపితే మీటర్ తిరిగిపోయి 0, ఇంకో 1 కలిపితే 1. నీది సరిగ్గా పట్టే హద్దుకి రెండు అడుగులు అవతల పడింది. 65536ని 65536తో గుణిస్తే 2^32 (అంటే 2 ఘాతం 32), అది నీ మెషిన్‌కి సున్నా, సున్నాకి ఒకటి కలిపితే ఒకటి. మెషిన్ తప్పేం లేదు పాపం.

ఊరికేవచ్చా
429 కోట్ల నంబర్‌ని 1 చేసేసింది అంటే అది ప్రోగ్రామా ఇన్‌కమ్‌టాక్స్ రిటర్నా 😂

రాత్రికోడర్
థాంక్స్ బిట్టుబాబు, అదే. 64 బిట్లకి మార్చా, నంబర్ కరెక్ట్‌గా వచ్చింది. కానీ ఇప్పుడు ఇంకో తలనొప్పి. ప్రైమ్ టెస్ట్ కోసం ఎక్కడో చదివిన షార్ట్‌కట్ పెట్టా, నంబర్ ప్రైమ్ అయితే 2ని (ఆ నంబర్ మైనస్ 1) ఘాతానికి ఎత్తి ఆ నంబర్‌తోనే భాగిస్తే శేషం 1 రావాలి అని. నాకు 0 వచ్చింది. 2 ఘాతాన్ని బేసి సంఖ్యతో భాగిస్తే శేషం సున్నా ఎలా వస్తుంది అసలు?

బిట్టుబాబు
హహ, రాదు. మళ్ళీ అదే రోగం, ఈసారి ఒక్క బిట్ తేడాతో. నువ్వు వర్గం చేసుకుంటూ ప్రతిసారీ శేషం తీస్తున్నావు కదా. 2, 4, 16, 256, 65536, తర్వాత 4294967296. ఇది మన నంబర్ కంటే 1 తక్కువ కాబట్టి శేషం తీసినా అలాగే ఉంటుంది. ఇప్పుడు దాన్ని వర్గం చెయ్యి: సరిగ్గా 2^64. 64 బిట్లలో పట్టేది 2^64 మైనస్ 1 దాకానే. ఢాం, సున్నా. అక్కడ్నించి ఎన్నిసార్లు వర్గం చేసినా సున్నానే. పెద్ద నంబర్లని హద్దు లేకుండా పట్టే పైథాన్ లాంటిదాంట్లో చేసి చూడు.

రాత్రికోడర్
చేశా. 1 వచ్చింది! అంటే ప్రైమే అన్నమాట. హమ్మయ్య. థ్రెడ్ క్లోజ్ చేసుకోవచ్చు.

శేషం_సున్నా
ఆగండాగండి, క్లోజ్ చేయకండి. 641తో భాగించి చూడండి.

రాత్రికోడర్
...641 × 6700417 = 4294967297. ఏంటిది. టెస్ట్ 1 ఇచ్చిందిగా!

లెక్కలమాస్టారు
బాబూ, మీరు మోసపోయిన చోటే గణితజ్ఞుడు ఫెర్మా కూడా మోసపోయాడు, బాధపడకండి. 1640 ప్రాంతంలో ఆయన ఉత్తరాల్లో ఈ వరసంతా, అంటే మీరు ప్రింట్ చేసిన 3, 5, 17, 257, 65537, 4294967297, అలా ఎంత దూరం వెళ్ళినా అన్నీ ప్రధాన సంఖ్యలే అని తన నమ్మకం రాశాడు. రుజువు మాత్రం లేదని ఒప్పుకున్నాడు. అందుకే వీటికి ఫెర్మా సంఖ్యలని పేరు. సున్నా నుంచి లెక్కపెడితే మనది ఐదోది. 1729 డిసెంబర్‌లో గోల్డ్‌బాక్ ఉత్తరం రాసి, ఈ ఫెర్మా మాట నిజమేనా అని ఆయిలర్‌ని అడిగాడు. 1732లో ఆయిలర్ 641 బయటపెట్టాడు. అంటే దాదాపు 90 ఏళ్ళు ఆ మాట అలాగే నిలబడింది, మూడంకెల భాజకం ఉన్నా సరే!

ఊరికేవచ్చా
90 ఏళ్ళలో ఒక్కడు కూడా కూర్చుని 3, 7, 11, 13 అంటూ భాగించుకుంటూ పోలేదా? 641 ఎన్నో ప్రైమ్ ఏంటి?

శేషం_సున్నా
116వది. అంటే పిచ్చిగా వరసపెట్టి భాగించినా 116 భాగహారాల్లో అయిపోయేది. 2, 5 చివరి అంకె చూసి తీసేయొచ్చు, అంకెల మొత్తం 59 కాబట్టి 3 కూడా పోతుంది. ఓపికున్నవాడికి ఒక రోజు పని.

రాత్రికోడర్ గారి టెస్ట్ సంగతి. అది ఈ నంబర్లకి పనికిరాదు, ఎందుకో చూడండి. మన నంబర్ 2^32 + 1 కదా, కాబట్టి దాంతో భాగిస్తే 2^32 శేషం -1, అంటే నిశ్శేషంగా పోవడానికి ఒక్కటి తక్కువ. వర్గం చేస్తే 2^64 శేషం 1. ఇక టెస్ట్ అడిగే ఘాతం (నంబర్ మైనస్ 1) అంటే 2^32, అది 64కి గుణిజం. 1ని ఎన్నిసార్లు గుణించుకున్నా 1 మాత్రమే. అంటే ప్రైమ్ అయినా కాకపోయినా 2తో టెస్ట్ చేస్తే పాస్ అయిపోతుంది, ఫెర్మా సంఖ్యలన్నీ ఇంతే. దొంగని పట్టుకోమని దొంగ తమ్ముడికే చెప్పినట్టు. 2 బదులు 3 పెట్టి చేయండి.

రాత్రికోడర్
3తో 3029026160 వచ్చింది. 1 కాదు! సో ప్రైమ్ కాదు అని 641 తెలియకుండానే తెలిసిపోతుందన్నమాట. 32 సార్లు వర్గం చేయడమే, అంతే. ఇదైతే పాత రోజుల్లో చేత్తో కూడా చేసేయొచ్చేమో.

శేషం_సున్నా
చేయొచ్చు, పదంకెల నంబర్ని వర్గం చేసి పదంకెల నంబర్తో భాగించడం ముప్పై చిల్లర సార్లు. 1877లో పెపాన్ దీన్నే ఇంకాస్త పదును పెట్టాడు: ఒక మెట్టు ముందే, 31 వర్గాల దగ్గర ఆగి చూడు, ప్రైమ్ అయితే శేషం -1 రావాలి, లేకపోతే ప్రైమ్ కాదు, రెండు వైపులా గ్యారంటీ. మనదానికి అక్కడ 10324303 వస్తుంది. దాన్ని వర్గం చేసి శేషం తీస్తే మీ 3029026160 వస్తుంది, చూసుకోండి. తమాషా ఏంటంటే ఈ పద్ధతి "ప్రైమ్ కాదు" అని మాత్రమే చెప్తుంది, ఏ నంబర్ భాగిస్తుందో ఒక్క ముక్క చెప్పదు.

గళ్ళనోట్‌బుక్
మధ్యలో వస్తున్నందుకు సారీ, నాకు ప్రోగ్రామింగ్ రాదు, పెన్నూ పేపరే. 641 భాగిస్తుందని చూడ్డానికి పెద్ద భాగహారం అక్కర్లేదండి. 641తో శేషాలు చూసుకుంటూ పోతే: 2^8 అంటే 256. 2^16 అంటే 65536, అందులోంచి 641 × 102 = 65382 తీసేస్తే 154. ఇప్పుడు 2^32 అంటే 154 × 154 = 23716. 641 × 37 ఎంతో తెలుసా, 23717! ఒక్కటి తక్కువ. అంటే శేషం -1, దానికి 1 కలిపితే సున్నా. అయిపోయింది. నేను ఇది మొదటిసారి చేసినప్పుడు 23717 చూసి నిజంగా నవ్వొచ్చింది.

ఇంకా చిన్న దారి కూడా ఉంది. 641ని రెండు రకాలుగా రాయొచ్చు, 640 + 1 అంటే 5 × 2^7 + 1, ఇంకా 625 + 16 అంటే 5^4 + 2^4. మొదటి దాన్నిబట్టి 5 × 2^7 శేషం -1, నాలుగో ఘాతం చేస్తే 5^4 × 2^28 శేషం 1. రెండో దాన్నిబట్టి 5^4 బదులు -2^4 పెట్టొచ్చు. పెడితే -2^32 శేషం 1. అంతే, భాగహారం గుణకారం ఏమీ లేకుండా.

లెక్కలమాస్టారు
భేష్ అమ్మా. రెండోది నేను క్లాసులో చెప్తుంటా, పిల్లలు "641 ముందే తెలిస్తే కదా సార్" అంటారు. వాళ్ళన్నదీ నిజమే.

ఊరికేవచ్చా
అదే నేనూ అడగబోతున్నా. జవాబు తెలిశాక అందరూ మేధావులే. ఆయిలర్‌కి 641 ఎలా తట్టింది? లక్కేనా?

శేషం_సున్నా
లక్ కాదు, ఈ థ్రెడ్‌లో అసలు విషయం ఇదే నా దృష్టిలో. కాస్త ఓపిగ్గా చదవండి.

ఏదో ఒక ప్రైమ్ మన నంబర్ని నిశ్శేషంగా భాగిస్తోంది అనుకుందాం. అది ఎవరో తెలీదు. కానీ దాంతో భాగిస్తే 2^32 శేషం -1 అని తెలుసు, 2^64 శేషం 1 అని తెలుసు. 2 ఘాతాల శేషాలు 1, 2, 4, 8 అంటూ వెళ్ళి మళ్ళీ 1 దగ్గరికి వచ్చి చక్రంలా తిరుగుతాయి. 64 దగ్గర 1 వచ్చింది కాబట్టి ఆ చక్రం పొడవు 64ని భాగించాలి. 32 దగ్గర 1 రాలేదు కాబట్టి 32ని భాగించకూడదు. 64ని భాగించే 1, 2, 4, 8, 16, 32, 64లో 32ని భాగించనిది 64 ఒక్కటే. సో చక్రం పొడవు కచ్చితంగా 64. ఇక ఫెర్మా సొంత చిన్న సిద్ధాంతం ప్రకారం ఆ ప్రైమ్ కంటే ఒకటి తక్కువ ఘాతం దగ్గర కూడా శేషం 1 రావాలి, అంటే అక్కడికి పూర్తి చక్రాలు తిరిగి ఉండాలి, అంటే ఆ ప్రైమ్ మైనస్ 1ని 64 భాగించాలి.

కాబట్టి వెతకాల్సింది 64 ఎక్కంలో ఒక్కో నంబర్‌కీ 1 కలిపి: 65, 129, 193, 257, 321, 385, 449, 513, 577, 641. ఇందులో ప్రైమ్‌లు 193, 257, 449, 577, 641 మాత్రమే. ఐదో ప్రయత్నంలో దొరికిపోతుంది! 116 భాగహారాలు ఐదయ్యాయి.

గళ్ళనోట్‌బుక్
నాలుగే అండి. 257 అక్కర్లేదు. అది ఫెర్మా సంఖ్యే కదా, ఫెర్మా సంఖ్యల్లో ఏ రెండిటికీ ఉమ్మడి కారణాంకం ఉండదు. 3 × 5 = 15, ఇంటూ 17 అంటే 255, ఇంటూ 257 అంటే 65535, ఇంటూ 65537 అంటే 4294967295. చూశారా, మనదానికి సరిగ్గా 2 తక్కువ. 257 ఆ లబ్ధాన్నీ మన నంబర్నీ కూడా భాగిస్తే తేడా అయిన 2ని కూడా భాగించాలి, కుదరదు. ఇది గోల్డ్‌బాక్ చెప్పిందే, 1730లో.

శేషం_సున్నా
కరెక్ట్, నాలుగు. ఇంకో అడుగు వేస్తే ఒక్కటే. 64 కాదు, 128 ఎక్కం చాలు అని 1878లో లూకాస్ చూపించాడు. 129, 257, 385, 513, 641. ప్రైమ్‌లు 257, 641. 257ని మీరే తీసేశారు. అంటే మొట్టమొదటి భాగహారమే 641తో!

ఊరికేవచ్చా
వామ్మో. ఇప్పుడు ఫెర్మా మీద జాలి పోయి కోపం వస్తోంది. చిన్న సిద్ధాంతం ఆయనదే, వరస ఆయనదే, మరి ఆయనకి తట్టలేదా?

లెక్కలమాస్టారు
అదే కదా వింత. అదే 1640లో 2^37 - 1 అనే నంబర్కి 223 కారణాంకమని ఆయనే కనిపెట్టాడు, ఇదే కిటుకుతో. అక్కడ 74 ఎక్కానికి 1 కలపాలి, 75, 149, 223, మూడో దానికే తగిలింది. మరి ఇక్కడ ఎందుకు ఆగాడు? చేసి చూసి ఎక్కడో కూడికలో పొరపాటు పడి ఉంటాడని నా అనుమానం, అనుమానమే లెండి. ఎంతో ఇష్టపడి నమ్మిన మాటని ఎవరూ రెండోసారి సరిచూసుకోరు.

బిట్టుబాబు
ఫెర్మాకి ఇంకో భాగించే పద్ధతి కూడా ఉందిగా, నంబర్ని రెండు వర్గాల తేడాగా రాయడం. అది ఇప్పుడే మన నంబర్ మీద నడిపి చూశా. వర్గమూలం పైనున్న 65537 నుంచి మొదలై 3350529 దాకా వెళ్ళాలి, ఎందుకంటే మనది 3350529^2 - 3349888^2. అంటే 3284993 ప్రయత్నాలు. కంప్యూటర్‌కి కన్ను మూసి తెరిచే పని, ఈకలతో రాసే మనిషికి జన్మ చాలదు. ఒక కారణాంకం మరీ చిన్నది, ఒకటి మరీ పెద్దది అయితే ఆ పద్ధతి అలాగే చస్తుంది.

రాత్రికోడర్
సరే రెండో ముక్క 6700417 ప్రైమేనా? దాన్నీ చెక్ చేయాలిగా, దాని వర్గమూలం 2588 చిల్లర. 2588 లోపు ప్రైమ్‌లు చాలా ఉంటాయి.

గళ్ళనోట్‌బుక్
అది కూడా మన నంబర్ ముక్కే కాబట్టి దాన్ని భాగించేవాళ్ళకీ అదే 128 రూలు. 2588 లోపు 128 ఎక్కం + 1 రూపంలో ఉన్న ప్రైమ్‌లు 257, 641, 769, 1153, 1409, ఇంతే. 257 ముందే పోయింది. 641తో శేషం 44, 769తో 120, 1153తో 334, 1409తో 622. నాలుగు భాగహారాలు, ఆరున్నర మిలియన్ల పైన నంబర్ ప్రైమని రుజువైపోయింది. నోట్‌బుక్‌లో సగం పేజీ కూడా పట్టలేదు.

రాత్రికోడర్
నేను లూప్ రాసి రన్ చేసేలోపు మీరు పేపర్ మీద చేసేశారు. సిగ్గేస్తోంది.

ఊరికేవచ్చా
ఇంతకంటే సిగ్గుపడే విషయం చెప్తా. జెరా కోల్బర్న్ అని అమెరికా పిల్లాడు, 1804లో పుట్టాడు, నోటి లెక్కలతో ప్రదర్శనలు ఇచ్చేవాడు. లండన్ తీసుకెళ్తే అక్కడ ఈ నంబరే ఇచ్చి కారణాంకాలు అడిగారు. 641, 6700417 అని చెప్పేశాడు. ఎనిమిదేళ్ళవాడు. ఎలా చేశావురా అంటే సరిగా చెప్పలేకపోయాడట.

లెక్కలమాస్టారు
అవును, అది చరిత్రలో ఉన్నదే. ఇంకో అందం చెప్తాను ఈ సంఖ్యకి. 65536^2 + 1^2 అని చూడగానే రెండు వర్గాల మొత్తం అని తెలుస్తోంది కదా. ప్రధాన సంఖ్యని రెండు వర్గాల మొత్తంగా రాయగలిగితే ఒకే ఒక్క రకంగా రాయగలం. దీన్ని ఇంకో రకంగా కూడా రాయొచ్చు: 62264^2 + 20449^2. రెండు రకాలు ఉన్నాయంటేనే ఇది ప్రధాన సంఖ్య కాదని తేలిపోయింది.

ఈ రెండోది ఎలా వచ్చిందంటే 641 = 25^2 + 4^2, 6700417 = 2556^2 + 409^2. ఇలా రెండు వర్గాల మొత్తాలని గుణిస్తే మళ్ళీ రెండు వర్గాల మొత్తమే వస్తుందని, అదీ రెండు రకాలుగా వస్తుందని మన బ్రహ్మగుప్తుడు 628లో ఇచ్చిన సూత్రంలోంచే వస్తుంది. 25 × 2556 = 63900, 4 × 409 = 1636. కలిపితే 65536, తీసేస్తే 62264. అటువైపు 25 × 409 = 10225, 4 × 2556 = 10224. కలిపితే 20449, తీసేస్తే 1. ఆ 10225, 10224 పక్కపక్కన పడ్డం చూడండి, ఆ ఒక్క అంకె తేడాయే 2^32 పక్కనున్న +1. ముప్పై ఏళ్ళుగా చెప్తున్నా నాకిది పాతబడలేదు.

గళ్ళనోట్‌బుక్
మాస్టారూ 🙏 ఇది నాకు తెలీదు. 20449 అంటే 143 వర్గం కూడా.

బిట్టుబాబు
పక్కింటివాళ్ళ సంగతి కూడా చెప్పండి. 4294967295 అంటే మొదటి ఐదు ఫెర్మా ప్రైమ్‌ల లబ్ధం అని పైన అన్నారుగా. స్కేలూ కంపాస్‌తో సరిగ్గా 4294967295 భుజాల క్రమ బహుభుజి గీయొచ్చు, సిద్ధాంతం ప్రకారం. 1796లో గౌస్ 17 భుజాలది గీయొచ్చని చూపించాడు, దేనికి కుదురుతుంది దేనికి కుదరదు అన్నది 1837లో వాంట్జెల్ పూర్తిచేశాడు. బేసి భుజాల్లో ఇప్పటిదాకా తెలిసినవాటిలో అదే పెద్దది. దాని పక్కది 4294967296, రెట్టింపులే కాబట్టి అదీ గీయొచ్చు. మన 4294967297 మాత్రం గీయలేం, 641 ఫెర్మా ప్రైమ్ కాదు, అదే అడ్డు. మూడు వరస నంబర్లు, మూడోదే తేడా.

ఊరికేవచ్చా
429 కోట్ల భుజాలు గీస్తే చూడ్డానికి సున్నాలాగే ఉంటుంది కదా భయ్యా, ఎవరు లెక్కపెడతారు

శేషం_సున్నా
😂 పోయేముందు ఇంకోటి. గళ్ళనోట్‌బుక్ గారి 154 మళ్ళీ ఇంకోచోట కనిపిస్తుంది. 10^8ని 641తో భాగించినా శేషం అదే 154. కాబట్టి 10^16 శేషం కూడా -1. దాని ఫలితం, 1/641 దశాంశాల్లో రాస్తే సరిగ్గా 32 అంకెల తర్వాత తిరగబెడుతుంది: 0015600624024960 9984399375975039. మొదటి సగానికి రెండో సగం కలిపి చూడండి, పదహారు తొమ్మిదులు వస్తాయి.

రాత్రికోడర్
వచ్చాయి. ఇక నేను ఈ రాత్రి పడుకోను.

ఒక్క డౌట్, 65537 తర్వాత ఈ వరసలో ఇంకో ప్రైమ్ ఉందా మరి?

లెక్కలమాస్టారు
ఒక్కటీ దొరకలేదు ఇప్పటిదాకా. ఐదు నుంచి 32వ దాకా అన్నీ ప్రధాన సంఖ్యలు కావని తేలింది, 33వది ఇంకా తేలలేదు. 20, 24వ వాటికైతే ప్రధానం కాదని తెలిసినా ఒక్క కారణాంకం కూడా దొరకలేదు, శేషం_సున్నా గారు చెప్పిన పెపాన్ పద్ధతి మహిమ అది. ఆరోదాన్ని 1880లో లాండ్రీ అనే ఆయన విడగొట్టాడు, 274177 × 67280421310721. అప్పటికి ఆయన వయసు 82.

రాత్రికోడర్
ఆరోదా? ఆగండి, నా 64 బిట్ల ప్రోగ్రామ్‌ని ఇంకో మెట్టు నడిపిస్తా. 18446744073709551617 రావాలి కదా.

రాత్రికోడర్
1 అంది.

బిట్టుబాబు
😂😂😂